తుగ్లక్ ఎవరివాడు?

2016 నవంబర్ 8. రాత్రి ఎనిమిది దాటింది. అయిదొందల నోటు, వెయ్యి నోటు అర్ధరాత్రి నుంచి చెల్లవని ప్రధాని టీవీలో చెప్పడం పూర్తి కాకముందే మా డెస్కులో ఒక మిత్రుడు నా కుర్చీ వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ‘‘ఏం భాయ్, మీ తుగ్లక్ మళ్ళీ పుట్టాడుగా!’’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను మంచివాడు. 2002లో గుజరాత్ తగలబడినప్పుడు కవిత రాసినవాడు. రంజాన్‌లో మా ఇంటికొచ్చి అమ్మీ చేతి షీర్ ఖుర్మా తాగి, ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళేవాడు. అందుకే ఆ మాట నాకు గుచ్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఆ రాత్రి లోపలి పేజీలో ‘తుగ్లక్ ఫర్మానా’ అని హెడ్డింగ్ పెట్టింది కూడా నేనే. శీర్షిక బాగుందని నన్ను మెచ్చుకున్నారు.

ఇంటికి పోతుంటే ఆ ‘మీ’ అన్న ఒక్క అక్షరం నా వెంట వచ్చింది. నోట్లు రద్దు చేసిన మనిషి నా వాడు కాదు. నేను ఓటేసినవాడూ కాదు. మరి అతని తప్పు నా ఖాతాలో ఎట్లా పడింది?

తెలుగులో తుగ్లక్ అన్నది ఇప్పుడు మనిషి పేరు కాదు, తిట్టు. కాంగ్రెస్ వాళ్ళు అన్నారు, తెలుగుదేశం వాళ్ళు అన్నారు, కమ్యూనిస్టులు అన్నారు. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌కు మూడు రాజధానులన్న మాట బయటికి రాగానే ప్రతిపక్షం నోట వచ్చింది ఆ పేరే. పక్కన తమిళంలో చో రామస్వామి ఆ పేరు మీద నాటకం ఆడించి, 1970లో పత్రికే పెట్టాడు, 1971లో సినిమా తీశాడు. పాలకుణ్ణి తిట్టడానికి పనికొచ్చే చరిత్ర మన దేశంలో కరువేమీ కాదు. ప్రజల్ని పీడించిన రాజులు అన్ని కులాల్లో, అన్ని మతాల్లో ఉన్నారు. అయినా ‘మతిలేని పాలన’ అనాలంటే నాలుక మీదికి వచ్చేది ఒక్క పేరే. హిందూత్వ వాళ్ళు అంటే వాళ్ళ రాజకీయం అనుకోవచ్చు. హిందూత్వను ఎదిరించడానికి కూడా లౌకికవాదులు ఒక ముస్లిం పేరునే తిట్టుగా వాడితే మేమెవరితో చెప్పుకోవాలి?

నేను బళ్ళో చదివేటప్పుడు సోషల్ సారు ఈ పాఠం చెబుతూ, ‘పిచ్చి తుగ్లక్ తోలు నాణేలు వేయించాడు’ అన్నాడు. క్లాసంతా నా వైపు, ఇంకో బెంచీలోని దూదేకుల పిల్లవాడి వైపు తిరిగింది. ఆ వారమంతా మా ఇద్దరికీ అదే పేరు. ఇంటికొచ్చి నానీని అడిగితే, ‘చామ్ కే దామ్’ చలాయించింది తుగ్లక్ కాదురా, నిజాం సక్కా అని చెప్పింది. హుమాయూన్‌ను నదిలో మునిగిపోకుండా కాపాడిన భిస్తీ, అంటే తోలుతిత్తితో నీళ్ళు మోసేవాడు, ఒక్కరోజు బాద్‌షా అయి తన తిత్తిని ముక్కలు కోసి నాణేలుగా పంచాడట. అది కథ. తుగ్లక్‌కూ దానికీ మధ్య రెండొందల ఏళ్ళ దూరం. కానీ మన జనం నోట్లో రెండూ కలిసిపోయాయి. రాగి పోయింది, తోలు వచ్చింది. తోలు అంటే మరింత నవ్వులాట కదా! ఆ నవ్వులో నీళ్ళు మోసేవాడి కులం మీద నవ్వు కూడా కలిసి ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు.

అసలు జరిగిందేమిటి? మహమ్మద్ బిన్ తుగ్లక్ 1325లో గద్దెనెక్కాడు. అప్పటికి ఢిల్లీ సల్తనత్‌లో ఇల్తుత్‌మిష్ కాలం నుంచి నడుస్తున్న వెండి టంకా ఉంది, బరువు ఇంచుమించు 11 గ్రాములు. వెండి మన నేలలో పెద్దగా దొరికేది కాదు, బయటి వ్యాపారం మీద రావాలి. బంగారం మాత్రం దక్కన్ నుంచి ఢిల్లీ ఖజానాకు బండ్ల కొద్దీ చేరింది. అందులో మన ఓరుగల్లు వాటా చిన్నదేం కాదు. 1310లో మాలిక్ కాఫూర్ ప్రతాపరుద్రుడి దగ్గర పట్టుకుపోయింది, 1323లో ఇదే మహమ్మద్ ఉలుగ్ ఖాన్ పేరుతో వచ్చి కోటను పడగొట్టి పట్టుకుపోయింది. బంగారం పెరిగి వెండి కరువైతే రెంటి మధ్య మారకం చెదురుతుంది. అందుకే గద్దెనెక్కగానే అతను తూకాలు మార్చాడు. 200 గ్రెయిన్ల బంగారు దీనార్, 140 గ్రెయిన్ల వెండి అదలీ వేయించాడు. ఈ సంగతి బళ్ళో ఏ సారూ చెప్పడు. చెబితే ‘పిచ్చి’ అన్న మాట అంత తేలిగ్గా నిలబడదు.

ఆ తర్వాత హిజ్రీ 730లో, అంటే 1329–30లో, రాగి, ఇత్తడి టంకాలు వచ్చాయి. వాటి లోహం విలువ తక్కువ. కానీ సర్కారు వాటిని వెండి టంకాతో సమానంగా చెల్లించుకొమ్మంది. ఇది అతని బుర్రలో ఊరికే పుట్టిన ఊహ కాదు. చైనాలో కుబ్లాయ్ ఖాన్ 1260 నుంచే కాగితపు డబ్బు నడిపించాడు. ఇరాన్‌లో గైఖాతూ 1294లో తబ్రీజ్ నగరంలో అదే ప్రయత్నం చేస్తే బజార్లు మూతపడ్డాయి, రెండు నెలల్లో వెనక్కి తీసుకున్నాడు. ఒకచోట నెగ్గింది, ఒకచోట ఓడింది. ఢిల్లీ సుల్తాన్ కాగితం జోలికి పోకుండా లోహంతోనే చేయబోయాడు. నాణెం మీద అరబీలో సుల్తానుకు విధేయుడైనవాడు దేవుడికి విధేయుడైనట్టేనని చెప్పించాడు. దానితోపాటు, ఇది చెలామణీలో ఉన్న టంకా అని, ఆశతో ఉన్న దాసుడు మహమ్మద్ తుగ్లక్ కాలంలో ముద్రితమైందని ఫార్సీలో చెక్కించాడు. ఫార్సీ దఫ్తర్ల భాష, బజారు మనిషికి కొంచెం దగ్గరి భాష. ఈ నాణేన్ని నమ్మండి అని బతిమాలుతున్నట్టుంటుంది ఆ మాట చదివితే. ఢిల్లీ, దౌలతాబాద్‌లతో పాటు సుల్తాన్‌పూర్ పేరుతోనూ నాణేలు పడ్డాయి. సుల్తాన్‌పూర్ అంటే మన వరంగల్లే, పట్టుకున్నాక పెట్టిన పేరు. ‘ముల్క్-ఎ-తిలంగ్’ అని ముద్రపడ్డ నాణేలూ ఉన్నాయి. తెలంగాణ అన్న పేరు ఒక రాజ్యపు డబ్బు మీదికి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. దీని గురించి మాత్రం మనవాళ్ళెవరూ గొప్పలు చెప్పుకోరు.

ఓడిపోయింది ఎక్కడంటే, టంకశాలకూ కంచరి కొలిమికీ తేడా లేకపోవడం దగ్గర. వెండి టంకాను షరాబు తూచి, గీసి చూసి నమ్మేవాడు. రాగి టంకాలో తూచడానికి ఏముంది? రహస్య గుర్తు లేదు, ఎవడైనా పోతపోయగలడు. జనం శిస్తు రాగితో కట్టారు. గుర్రాలు, ఆయుధాలు రాగితో కొన్నారు. వెండిని దాచుకున్నారు. బయటి వర్తకులు రాగి ముట్టం అన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి రాగి టంకా పెంకాసుకు సమానమైంది. అప్పుడు సుల్తాన్, రాగి తెచ్చినవాళ్ళందరికీ ఖజానా నుంచి వెండి, బంగారం ఇవ్వమన్నాడు. అసలేదో నకిలీ ఏదో చూడకుండా ఇచ్చారు. తుగ్లకాబాద్‌లో రాగి టంకాలు గుట్టలు పడ్డాయి. నష్టం మొత్తం సర్కారు నెత్తిన పడింది.

నేను అతనికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. తిరగబడిన బంధువు గుర్షాస్ప్‌ను బతికుండగా చర్మం ఒలిపించిన మనిషి అతను. ఢిల్లీ జనాన్ని దౌలతాబాద్‌కు తోలినప్పుడు కవి ఇసామీ తాతగారు, తొంభై ఏళ్ళ ముసలాయన, మొదటి మజిలీలోనే ప్రాణం వదిలాడు. ఆ మనవడు తర్వాత బహమనీల నీడలో కూర్చుని 1350లో ‘ఫుతూహుస్సలాతీన్’ రాసి సుల్తాన్‌ను దుమ్మెత్తిపోశాడు. అతనికి ఆ హక్కుంది. ఓరుగల్లు మట్టిలో పుట్టిన నాకూ ఆ కోట శిథిలాల మధ్య నడుస్తుంటే కోపం వస్తుంది. కోపం వేరు, ‘పిచ్చి’ వేరు. పిచ్చి అన్న అనుమానాన్ని చరిత్రలోకి గట్టిగా ఎక్కించింది 1841లో ఎల్ఫిన్‌స్టన్ దొర. అంతకు ముందువాళ్ళు క్రూరుడన్నారు, వింత మనిషి అన్నారు. 1871లో అదే ఇంగ్లీషు జాతివాడు ఎడ్వర్డ్ థామస్ నాణేలు ముందేసుకుని చూసి, టంకశాలల రాకుమారుడని మెచ్చుకున్నాడు. మన పాఠ్యపుస్తకం ఎల్ఫిన్‌స్టన్‌నే పట్టుకుంది.

వీళ్ళందరికీ ముడిసరుకు ఇచ్చినవాడు జియాఉద్దీన్ బరనీ. ‘తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీ’ రాసింది 1357లో, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, కొలువు పోయి, చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో. సుల్తాన్ దగ్గర 17 ఏళ్ళు ముసాహిబ్‌గా ఉన్నానని చెప్పుకుంటాడు. సుల్తాన్ చనిపోయింది 1351లో. లెక్క వేసుకోండి. రాగి టంకాల వ్యవహారం ముగిసినప్పటికి బరనీ ఇంకా కొలువులో చేరలేదు. పాతికేళ్ళ తర్వాత, పోగొట్టుకున్నవాడి గుండెమంటతో రాశాడు.

రాసినదాంట్లో ఏముంది? ప్రతి హిందువు ఇల్లూ టంకశాల అయిందంటాడు. ఖూత్‌లు, ముఖద్దంలు, అంటే ఊళ్ళ పెత్తందార్లు, దొంగ నాణేలతో బలిశారంటాడు. ఇది మతం కళ్ళజోడు. కంచరి కొలిమికి మతం ఉండదని అతనికి తెలియదా? తెలుసు. బరనీకి మతంకన్నా పెద్ద పట్టింపు ఇంకొకటుంది, పుట్టుక. కల్లు సారా అమ్మే అజీజ్ ఖమ్మార్, పాటగాడి కొడుకు నజ్బా, తోటమాలి పీరా, ఒక మంగలి, ఒక వంటవాడు, ఇలాంటివాళ్ళకు సుల్తాన్ పెద్ద పదవులిచ్చాడని రాస్తూ కలంలో విషం నింపుకుంటాడు. వీళ్ళలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. అతనికి అందరూ కమీనేలే. తక్కువ పుట్టుకవాళ్ళకు చదువు చెప్పకూడదని ‘ఫతావా-ఎ-జహాందారీ’లో రాసిన మనిషి అతను. అష్రాఫ్, అజ్లాఫ్ తేడాలు ఇస్లాంలో లేవని మనం మైకుల్లో చెబుతాం గాని, బరనీ పుస్తకం నిండా ఉన్నది అదే. మా దూదేకుల మిత్రుణ్ణి ‘వీళ్ళూ సాయిబులేనా’ అని మావాళ్ళే అన్నప్పుడు నాకు బరనీ గొంతే వినిపిస్తుంది.

ఇప్పుడు గిరీశ్ కర్నాడ్ నాటకం దగ్గరికి వస్తాను. ‘తుగ్లక్’ కన్నడంలో 1964లో వచ్చింది. ఉర్దూలో, హిందీలో, ఇంగ్లీషులో ఆడింది. కర్నాడ్ చివరి ఊపిరి వరకు మతోన్మాదానికి ఎదురు నిలబడినవాడు, 2019లో పోయాడు. అతని మీద నాకు గౌరవం. ఆ నాటకం తుగ్లక్‌ను పిచ్చివాడిగా చూపదు. కలలు కన్న పాలకుడు రక్తంలో కూరుకుపోవడం చూపుతుంది. నెహ్రూ యుగం ఆశలు ఎట్లా ఆవిరైపోయాయో దాంట్లో చదువుకున్నారు మనవాళ్ళు. బాగుంది. నేను మొదటిసారి చూసినప్పుడు హాల్లోంచి బయటికొచ్చి అరగంట మాట్లాడలేకపోయాను.

రెండోసారి చదివినప్పుడు మాత్రం రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి బరనీ పాత్ర. రంగస్థలం మీది బరనీ మెత్తటి మనిషి, పండితుడు, సుల్తాన్ అంతరాత్మలాంటివాడు. రక్తపాతం చూసి కుమిలిపోతాడు. ప్రేక్షకుడు అతని కళ్ళతో చూస్తాడు, అతన్నే నమ్ముతాడు. చదువు తక్కువ పుట్టుకవాళ్ళకు దక్కకూడదన్న బరనీ ఆ నాటకంలో ఎక్కడా కనబడడు. సాక్షిని అంత శుభ్రంగా కడిగి నిలబెడితే సాక్ష్యం మీద అనుమానం ఎవరికొస్తుంది?

రెండోది అజీజ్. నాటకంలో అజీజ్ చాకలి, ముస్లిం. బ్రాహ్మడి వేషం వేసి సుల్తాన్ మీద దావా గెలుస్తాడు. దౌలతాబాద్ దారిలో బిడ్డ చావుబతుకుల్లో ఉన్న తల్లిని లంచమడుగుతాడు. దొంగ రాగి నాణేలు వేస్తాడు. ఖలీఫా వంశీకుణ్ణి చంపి అతని వేషంలో కొలువుకొస్తాడు. చివరికి సుల్తాన్ చేత క్షమాభిక్ష కూడా సంపాదిస్తాడు. మాటకారి, చురుకైనవాడు, హాలంతా చప్పట్లు కొట్టేది అతనికే. ఆ పేరు వినగానే నాకు బరనీ తిట్టిపోసిన అజీజ్ ఖమ్మార్ గుర్తొస్తాడు. బరనీ రాసినదాని ప్రకారం దొంగ టంకాలతో లాభపడ్డది ఊరి పెత్తందార్లు, శిస్తు వసూలు చేసే ఖూత్‌లు, ముఖద్దంలు. కర్నాడ్ రంగస్థలం మీద ఆ పెత్తందార్లు లేరు. వాళ్ళ చోట్లో చాకలి నిలబడ్డాడు. బరనీ హిందువును దొంగ అన్నాడు. కర్నాడ్ హిందువును తీసేసి ముస్లింను పెట్టాడు, మత సామరస్యం కోసమే పెట్టి ఉంటాడు. కానీ తక్కువ పుట్టుకవాడే దొంగ అన్న బరనీ లెక్క చెక్కుచెదరకుండా అట్లాగే మిగిలింది. మతం విషయంలో అంత జాగ్రత్తపడ్డ నాటకకర్త కులం విషయంలో ఒక అష్రాఫ్ మౌల్వీ కళ్ళజోడు అప్పు తెచ్చుకున్నాడు. మన విమర్శకులు ఆ నాటకంలో నెహ్రూను వెతికారు గాని చాకలిని ఎందుకు దొంగను చేశారని అడిగిన మాట నా చెవిన పడలేదు.

గులాబీ తోటలో నకిలీ నాణేల గుట్టలు పోయించే దృశ్యం ఉంది ఆ నాటకంలో. చాలా గొప్ప దృశ్యం. సుల్తాన్ కల కుళ్ళిపోవడానికి గుర్తు అది. నాకు మాత్రం ఆ గుట్టలో ఇంకొకటి కనిపిస్తుంది. రాజ్యం తన మాట తాను నిలబెట్టుకోవడానికి తీసుకున్న నష్టం అది. ఇత్తడి ముక్క తెచ్చినవాణ్ణి ‘ఇది నీకెట్లా వచ్చింది, రుజువు చూపించు’ అనలేదు.

1917లో యుద్ధం వల్ల వెండి కరువై బ్రిటిషు సర్కారు ఒక రూపాయి కాగితం అచ్చేసింది. 1918లో హైదరాబాద్ నిజాం కూడా అదే కారణాన ఉస్మానియా సిక్కా నోట్లు తెచ్చాడు, వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. వెండి లేదు, సర్కారు మాటే వెండి అనుకోండి, అన్నదే వీటి వెనకున్న ఆలోచన. తుగ్లక్ అన్నదీ అదే. నకిలీని ఆపే అచ్చుయంత్రం ఒకరికుంది, ఒకరికి లేదు. ఈ తేడాకు పిచ్చి అని పేరా?

ఇంకో సంగతి, కాస్త పక్కదారి అనుకోండి. ఖజానా, నగదు, జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తీ, రశీదు, షరాబు. పొద్దున్న లేస్తే తెలుగువాడి లెక్కల పుస్తకంలో ఉన్న మాటలివి. ‘పెద్ద నోట్ల రద్దు’లో రద్దు కూడా మా అరబీ మాటే. వీటిని ఎవరూ ‘మీ’ మాటలనరు. ఇవన్నీ మనవి అయిపోయాయి, ఒక్క తుగ్లకే మావాడిగా మిగిలాడు. మరి ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ ఎవరివాడు? తెలంగాణలో పుట్టి, బందీగా ఢిల్లీ చేరి, మతం మారి, ఫిరోజ్‌షా తుగ్లక్‌కు వజీర్ అయినవాడు. అఫీఫ్ రాతను బట్టి అతని పాత పేరు కన్ను. చదవడం రాయడం రాకపోయినా సల్తనత్‌ను నడిపాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ పక్కన ఎనిమిది మూలల సమాధి అతనిదే. ఆ తెలుగువాడి గురించి సోషల్ సారు ఒక్క ముక్క చెప్పలేదు.

2016 డిసెంబర్‌లో అమ్మీ పాన్‌దాన్ అడుగు అరలోంచి ఇరవై మూడు అయిదొందల నోట్లు తీసి నా ముందు పెట్టింది. అబ్బాకు కూడా తెలియని డబ్బు, నా చెల్లెలి కాన్పు కోసం దాచింది. తలవంచుకుని దొంగతనం ఒప్పుకున్నట్టు ఇచ్చింది. బ్యాంకు వరసలో నిలబడ్డాను. ఎవరివి, ఎక్కడివి, ఎందుకు దాచారు అని అడిగారు, జిరాక్సులు అడిగారు. రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని రిజర్వ్ బ్యాంక్ తర్వాత 2018లో లెక్క చెప్పింది. ఆ రెండు వేల నోటును కూడా 2023 మేలో వెనక్కి పిలిచారు. అప్పుడు కూడా డెస్కులో ఎవరో తుగ్లక్ అన్నారు. ఈసారి నేను నవ్వలేదు. ‘‘తుగ్లక్ అయితే మా అమ్మీని రుజువు అడిగేవాడు కాదు అన్నా’’ అన్నాను. ఆ మిత్రుడు కాసేపు నా ముఖం చూసి, ‘‘అట్లా అనుకుంటావని నాకు తెల్వదు భాయ్’’ అన్నాడు. నిజంగానే తెలియదు అతనికి. ఏడేళ్ళు నేను చెప్పనూ లేదు.

మొన్న చార్మినార్ దగ్గర పాత నాణేలమ్మే ముసలాయన గుడ్డ పరిచి కూర్చున్నాడు. రాగి బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే ఫార్సీ అక్షరాలు, సగం అరిగిపోయాయి. ‘‘తుగ్లక్ కా హై సాబ్, అస్లీ’’ అన్నాడు. అసలీ అంటే సుల్తాన్ టంకశాలదా, ఏ ఊరి కొలిమిలోదా అని అడిగాను. ఆయన ఎంతసేపూ నవ్వి, ‘‘అబ్ దోనోఁ కా ఏక్ హీ దామ్ హై’’ అని ఎనిమిదొందలు చెప్పాడు. ఆరొందలకు ఇచ్చాడు.